నడివయసు పురుషుల ముందస్తు రక్త పరీక్షలు

నడివయసు పురుషుల ముందస్తు రక్త పరీక్షలు అనగా సుమారు 35 నుండి 50 సంవత్సరాల వయసులో, ఏ వ్యాధి లక్షణాలూ లేని పురుషులలో దాగియున్న వ్యాధిని లేదా దాని పూర్వస్థితిని కనుగొనుటకు చేసే రక్త పరీక్షలు. రోగికి చేసే పరీక్ష వైద్యుని అనుమానాన్ని నిర్ధారించడానికి ఉపయోగపడుతుంది. ఆరోగ్యవంతునిలో అట్టి అనుమానం ముందుగా ఉండదు కనుక, వచ్చిన ఫలితం తప్పుడుది అయ్యే అవకాశం ఎక్కువ. అందువలన ఏ పరీక్షలు చేయించవలెను అన్నది వయసు, కుటుంబ చరిత్ర, నడుము చుట్టుకొలత, పొగాకు అలవాటులను బట్టి నిర్ణయించడం ఉత్తమం.

మధుమేహ పరీక్షలు

ఈ వయసులో అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే. రెండవ రకం మధుమేహం కొన్ని సంవత్సరాల పాటు ఏ బాధా కలిగించకుండా ఉండి, ఆలోగా కంటి రెటీనాను, మూత్రపిండాలను, నరాలను దెబ్బతీయగలదు. భారతీయులలో ఇది ఐరోపా వారికంటే తక్కువ వయసులో, తక్కువ బరువుతోనే కనిపిస్తుంది. అందుచేతనే దక్షిణాసియా వారికి శరీర ద్రవ్యరాశి సూచిక 25కు బదులు 23 దాటితేనే పరీక్షించాలని సూచిస్తారు. భారత ప్రభుత్వ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో 30 ఏళ్ళు నిండినవారికి ఈ పరీక్ష చేస్తారు.

కనీసం 8 గంటలు ఏమీ తినకుండా, పరగడుపున తీసిన రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 126 మి.గ్రా. లేదా అంతకు మించితే మధుమేహం. 100 నుండి 125 వరకు ఉంటే పూర్వ మధుమేహం (ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఈ దశను 110 నుండి లెక్కిస్తుంది). హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అవసరం లేదు. ఇది గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలుపుతుంది, 6.5% మధుమేహానికి హద్దు. అయితే ఇనుము లోపం వలన కలిగే రక్తహీనతలో ఈ సంఖ్య అసలు కంటే ఎక్కువగా, ఇటీవల రక్తస్రావం జరిగినవారిలో తక్కువగా రావచ్చును. లక్షణాలు లేనివారిలో ఒక్క ఫలితంతో మధుమేహమని తేల్చరాదు, పరీక్షను మరల చేయవలెను.

కొవ్వుల పరీక్ష

మొత్తం కొలెస్టరాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిసరైడ్లను కొలుస్తారు. చాలా ప్రయోగశాలలు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవక, 1972 నాటి ఫ్రీడ్వాల్డ్ సూత్రంతో లెక్కగడతాయి. ట్రైగ్లిసరైడ్లు 400 మి.గ్రా. దాటితే ఈ లెక్క పనికిరాదు. 2016లో ఐరోపా నిపుణుల సంఘాలు ఈ పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదని ప్రకటించాయి, కానీ మన ప్రయోగశాలలలో పాత పద్ధతి ఇంకా చాలావరకు వాడుకలో ఉన్నది. ఎల్‌డీఎల్ సంఖ్యను రక్తపోటు, పొగాకు, మధుమేహములతో కలిపి చూసినప్పుడే గుండెపోటు ముప్పు తెలుస్తుంది.

పీఎస్‌ఏ పరీక్ష

పౌరుష గ్రంథి (ప్రోస్టేటు) స్రవించే ఈ ప్రోటీను క్యాన్సరులోనే గాక, వయసుతో గ్రంథి పెరిగినా, దానికి వాపు వచ్చినా రక్తంలో పెరుగుతుంది. అమెరికాలో దీనిని 1986లో క్యాన్సరు రోగుల పర్యవేక్షణకు, 1994లో క్యాన్సరును కనుగొనుటకు అనుమతించారు. తరువాత, రోగికి ఎన్నడూ హాని చేయని క్యాన్సర్లు కూడా బయటపడి, అనవసరపు శస్త్రచికిత్సలు జరిగి, మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన లోపం వంటి ఇబ్బందులు కలిగాయి. 2012లో అమెరికా నివారణ సేవల కార్యదళం ఈ పరీక్ష వద్దని సిఫారసు చేసి, 2018లో సవరించి, 55 నుండి 69 ఏళ్ళవారు వైద్యునితో చర్చించి నిర్ణయించుకోవాలని తెలిపింది. తండ్రికి గానీ సోదరునికి గానీ ఈ క్యాన్సరు ఉన్నవారు ఇంకా ముందుగానే వైద్యుని సంప్రదించడం మంచిది. మిగిలినవారికి 40 ఏళ్ళకు ఇది సాధారణంగా అవసరం లేదు.

ప్యాకేజీ పరీక్షలు

ఒకే ధరకు 60, 80 పరీక్షలని ప్రకటించే పథకాలు నగరాలలో విరివిగా కనిపిస్తాయి. ప్రయోగశాలలు సూచించే సామాన్య పరిమితులను సాధారణంగా ఆరోగ్యవంతులలో 95% మంది ఇమిడేటట్లు నిర్ణయిస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతునికైనా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం సుమారు 64%. ఆ ఒక్క అంకె వెంట స్కానింగులు, మరిన్ని పరీక్షలు, ఖర్చు, ఆందోళన వస్తాయి. 2012లోను, 2019లోను వెలువడిన కాక్రేన్ సమీక్షలు సామాన్య ఆరోగ్య పరీక్షల వలన మరణాలు తగ్గినట్లు కనుగొనలేదు. రక్తపోటు ఉన్నవారికి క్రియాటినిన్, మద్యం సేవించేవారికి, స్థూలకాయులకు కాలేయ పరీక్ష ఉపయోగకరమే. లక్షణాలు లేనివారికి టెస్టోస్టిరాన్ పరీక్ష సిఫారసు చేయబడలేదు. లక్షణాలు ఉన్నవారికి చేసినప్పుడు రక్తాన్ని ఉదయం వేళ పరగడుపున తీసి, తక్కువగా వస్తే వేరొక రోజు మరల చూడవలెను.