ఒక్క తారీఖు, ఎన్నో యాదులు: నవంబర్ 19



మా అమ్మాయి పోటీ పరీక్షలకు చదువుతోంది. మొన్న ముఖ్యమైన దినాల పట్టిక బట్టీ పడుతూ నవంబర్ 19 దగ్గర ఆగిపోయింది. "అబ్బా, ఈ ఒక్క రోజుకే ఇన్ని ఉన్నాయేమిటి?" అంది. పైకి చదవమన్నాను. జాతీయ సమైక్యతా దినం. ఇందిరాగాంధీ జయంతి. ఝాన్సీ లక్ష్మీబాయి జయంతి. ప్రపంచ టాయిలెట్ దినం. అంతర్జాతీయ పురుషుల దినం. అన్నీ అయ్యాక, "ఇంకొకటి ఉంది బేటా, నీ పుస్తకంలో లేదు" అన్నాను. మనం ఉండేది బందరులో. దివిసీమ మనకు పొరుగు. అయినా ఆ పిల్లకు తెలియలేదు. తప్పు పుస్తకానిది కాదు, చెప్పని నాది.

తారీఖ్ అనే అరబీ లఫ్జుకు రెండు అర్థాలున్నాయి. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. తెలుగులోకి వచ్చేసరికి మొదటిదే మిగిలింది. ఈ తారీఖు వెనక ఉన్న తారీఖ్ ఏమిటో కాస్త చూద్దాం.

ఇందిరాగాంధీ పుట్టింది 1917 నవంబర్ 19న. ఆ రోజును జాతీయ సమైక్యతా దినంగా పాటిస్తూ, 25వ తారీఖు వరకూ కౌమీ ఏక్తా వారం జరుపుతారు. పురుషుల దినం ట్రినిడాడ్ నుంచి వచ్చింది. జెరోమ్ టీలక్‌సింగ్ అనే చరిత్ర అధ్యాపకుడు 1999లో దాన్ని మొదలుపెట్టాడు. నవంబర్ 19 ఆయన వాలిద్ పుట్టినరోజు. టాయిలెట్ దినం సంగతికొస్తే, సింగపూర్‌లో 2001లో ఇదే తారీఖున ప్రపంచ టాయిలెట్ సంస్థ మొదలైంది, 2013లో ఐక్యరాజ్యసమితి ఆ దినాన్ని ఆమోదించింది. పేరు విని నవ్వకండి. తహారత్ లేనిదే నమాజు లేదని నేర్చుకున్నవాళ్లం మనం.

ఒకరి పుట్టుక, ఒకరి తండ్రి, ఒక సంస్థ. ఏ దినమైనా ఇలాగే పుడుతుంది. ఎవరో ఒకరు "ఈ రోజు నాకు యాద్ ఉండాలి" అనుకుంటారు, తర్వాత పదిమందికి చెబుతారు. ఇక మన దినం సంగతి.

1977 నవంబర్ 19, శనివారం. బంగాళాఖాతంలో రోజుల తరబడి బలపడుతూ వచ్చిన తుఫాను ఆ రోజు మన తీరాన్ని తాకింది. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణమ్మ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. నదీ సముద్రమూ చుట్టుముట్టిన పల్లపు నేల, ఎక్కి నిలబడటానికి చిన్న గుట్ట కూడా లేదు. సముద్రం దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. మృతులు పదివేల మంది వరకూ ఉంటారన్నది తక్కువలో తక్కువ లెక్క. తుఫాను అనే మాటను మనం రోజూ వాడేస్తుంటాం. నూహ్ అలైహిస్సలాం కౌమును ముంచిన వరదకు ఖుర్ఆన్‌లో ఉన్న లఫ్జు కూడా తూఫానే. ఆ రాత్రి బతికినవాళ్లకు ఆ మాట అసలు బరువు తెలిసింది.

అది జిల్‌హజ్ నెల. హాజీలు అరఫాత్‌లో ఉన్న రోజు. మన దగ్గర చంద్రుణ్ణి బట్టి బక్రీద్ ఇంకా రెండు మూడు రోజులుంది. అదే సాయంత్రం ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదాత్ విమానం ఇజ్రాయిల్‌లో దిగింది. మర్నాడు ఈదుల్ అజ్‌హా నమాజు ఆయన జెరూసలెంలో మస్జిదె అక్సాలో చదివాడు. దునియా కళ్లన్నీ అటే ఉన్నాయి. దివిసీమలో మాత్రం ఆ ఉదయం మనుషులు చెట్ల మీది నుంచి దిగి, బురదలో తమవాళ్ల కోసం వెతుక్కుంటున్నారు.

ఆ తర్వాతి రోజులు రాయడం ముష్కిల్. శవాలు ఎక్కడివక్కడే ఉబ్బిపోయాయి. హిందువెవరో, ముస్లిమెవరో, క్రైస్తవుడెవరో పోల్చే వీలు లేకపోయింది. కొన్నింటిని గోతుల్లో పూడ్చారు, కొన్నింటిని కుప్పలుగా వేసి కాల్చారు. గుస్ల్ లేదు, కఫన్ లేదు, జనాజా నమాజు లేదు. తమవాళ్లను అలా పోగొట్టుకున్న కుటుంబాలకు ఒక మాట చెప్పాలి. నీట మునిగి మరణించినవాళ్లకూ, గోడ కూలి మరణించినవాళ్లకూ షహీద్ దర్జా ఉందని సహీహ్ హదీసులు చెబుతున్నాయి. మజ్బూరీలో జరగని పనికి మాఫీ ఉంది. గాయిబానా జనాజా నమాజు షాఫయీ మస్లక్‌లో ఉంది, హనఫీ మస్లక్‌లో లేదు. అయితే దువాయె మగ్ఫిరత్‌కు ఏ మస్లక్ అడ్డూ లేదు, దానికి గడువూ లేదు.

కౌమీ ఏక్తా అని వేదికల మీద ప్రతిజ్ఞ చేయిస్తారు, మంచిదే. కానీ ఆ వారం దివిసీమలో శవాలను మోసినవాళ్లు ఏ ప్రతిజ్ఞా చదివి రాలేదు. ఎవరి జనాజానో అడగకుండానే భుజం పట్టారు. గుడివాడ ప్రాంతంలో పుట్టి పెరిగిన ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ వీధుల్లోకి వచ్చి బాధితుల కోసం చందాలు పోగుచేశారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు పేరు ఆ సహాయ పనులతో ముడిపడి నేటికీ అక్కడ వినిపిస్తుంది. ఇన్సానియత్ అంటే ఇదే కదా.

ఇప్పుడు నన్ను భయపెట్టే సంగతి చెబుతాను. నవంబర్ 1 అనగానే మనకు గుర్తొచ్చేది 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ. కానీ 1864లో అదే నవంబర్ 1 రాత్రి సముద్రం బందరు పట్నాన్నే ముంచేసింది. ముప్ఫై వేల మంది పోయారని చెబుతారు. ఫారసీలో బందర్ అంటే రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇరాన్ నుంచి ఓడలొచ్చిన రేవు ఇది. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట పేర్లు మనకు యాద్ ఉన్నాయి. మరి ఆ ముప్ఫై వేల మందికి ఈ రోజు బందరులో ఎన్ని ఇళ్లలో దువా జరుగుతోంది? మా ఇంట్లోనే జరగలేదు. అవతరణ దినం వాళ్ల దినాన్ని తోసేయలేదు. ఒక తారీఖులో ఎన్నైనా పడతాయి. చెప్పే నోళ్లు ఆగిపోయాయి, అంతే. దివిసీమ యాదుకూ రేపు అదే గతి పట్టవచ్చు. ఆ రాత్రిని కళ్లారా చూసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

యాద్ ఉంచుకుంటే ఫాయిదా ఏమిటంటారా? 1990 మే 9న మళ్లీ అంతటి పెను తుఫాను ఈ కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి మృతులు వెయ్యి లోపే. ఆ ఇళ్లకు అదీ తక్కువ గమ్ కాదు. కానీ ముందే లక్షల మందిని తరలించడం వల్ల మిగిలిన ప్రాణాలెన్నో. 1977 నేర్పిన సబక్ అది. నేడు బందరులో వాతావరణ శాఖ రాడార్ ఉంది, తీరాన తుఫాను షెల్టర్లు ఉన్నాయి.

జపాన్‌లో ఒక ఊరి కథ ఉంది. 1854లో, వాళ్ల పాత క్యాలెండర్ ప్రకారం నవంబర్ 5న సునామీ వచ్చింది. హమగుచి గొర్యో అనే ఊరి పెద్ద తన వరి కుప్పలకు నిప్పు పెట్టాడు. చీకట్లో ఆ మంట చూసుకుంటూ జనం మెరక మీదికి చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. వరి కుప్ప తగలబెట్టడమంటే ఏమిటో డెల్టా రైతుకు చెప్పనక్కర్లేదు. ఆ ఊరు ఆ కథను తరతరాలకూ చెప్పుకుంది. ఐక్యరాజ్యసమితి 2015లో నవంబర్ 5ను ప్రపంచ సునామీ అవగాహన దినంగా ప్రకటించింది.

మన దినాన్ని ఐక్యరాజ్యసమితి ప్రకటించే దాకా ఆగక్కర్లేదు. ఈ నవంబర్ 19న మీ ఇంటి నానీనో, దాదానో కూర్చోబెట్టి అడగండి. ఆ రాత్రి ఎక్కడున్నారు, నీరు ఎంత దాకా వచ్చింది, ఎవరు పోయారు. పేర్లు కాగితం మీద పెట్టండి. వాళ్ల కోసం దువా చేయండి. తీరం దగ్గర ఉంటే షెల్టర్‌కు దారి ఎటో పిల్లలకు చూపించండి. బక్రీద్ ఏటా క్యాలెండర్‌లో జరుగుతూ పోతుంది, ఈ తారీఖు మాత్రం ఎక్కడికీ పోదు.

మా అమ్మాయి తన పుస్తకంలో ఆ పట్టిక కింద పెన్సిల్‌తో ఒక వరుస చేర్చుకుంది: "1977, దివిసీమ." పరీక్షలో అడగరని దానికీ తెలుసు.

అల్లాహ్ ఆ మర్హూమీన్ అందరి మీదా రహమ్ చేయుగాక. మన తీరాన్ని తన హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.