రోహిణి కార్తె లోపు ఇంటి పని

పట్టిసీమలో వీరభద్రస్వామి గుడి గోదావరి నడుమ కొండ మీద ఉంటుంది. శివరాత్రి తీర్థం నాటికి నది బాగా తగ్గి ఇసుక తిన్నెలు తేలతాయి. అదే ఏరు ఆగస్టు వచ్చేసరికి గట్టు దాటి ఇంట్లోకే రావచ్చు. ఈ రెంటి మధ్యా దొరికే నాలుగు నెలల ఎండ మీదే ఒడ్డు ఊళ్ల ఇంటి కప్పు మరమ్మతు అంతా నడిచేది. రోహిణి కార్తె దాటకుండా కప్పు పని అయిపోవాలి. మృగశిర వస్తే ఇక వానే.

ఇంటికి కావలసిన సరుకు చాలావరకు ఏటి మీదే వచ్చేది. భద్రాచలం మన్యంలో కొట్టిన టేకు, వెదురు తెప్పలుగా కట్టి పాపికొండల ఇరుకులోంచి దింపితే, పట్టిసీమ ముందుగా రాజమండ్రి కలప అడితీలకు చేరేవి. 1924లో రాజమండ్రిలో కాగితం మిల్లు పెట్టాక వెదురుకు ఇంకో పెద్ద గిరాకీ పుట్టింది. నీళ్లలో నానిన వెదురుకు ఒక మేలుంది. పుచ్చుపురుగుకు ఇష్టమైన పిండిపదార్థం నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఆ బొంగు తొందరగా పొడి రాలదు. ఇంటి దగ్గర కొట్టుకున్న వెదురునైనా కొన్ని వారాలు చెరువులో ముంచి ఉంచి, ఆరాకే వాసాలకు వాడేవారు.

పేదల ఇళ్లు తాటాకు కప్పువి. రెండు మూడేళ్లకోసారి పాత ఆకు దింపి కొత్త ఆకు నేయాల్సిందే. చూరు దగ్గర మొదలుపెట్టి నడికొప్పు దాకా వరస మీద వరస వేసుకుంటూ పోతారు. పై వరస కింది వరసను కప్పకపోతే ఎంత మందంగా నేసినా నీరు నిలవదు. ఎండలు ముదిరితే ఈ ఇళ్లకు నిప్పు భయం. ఒక పాక అంటుకుంటే వీధి వీధంతా పోయిన సందర్భాలు గోదావరి జిల్లాల్లో కొల్లలు. కలిగినవాళ్లు పెంకుటింటికి మారడానికి ఇదీ ఒక కారణం.

మొదట్లో పెంకు అంటే కుమ్మరి సారె మీద చేసిన నాటు పెంకే. దానికి పట్టు ఉండదు. కోతి గెంతినా, పిల్లి పరిగెత్తినా, గాలి విసిరినా జారిపోతుంది. అందుకే ఏటా కప్పంతా విప్పి, చెత్త దులిపి, పగిలినవి ఏరేసి మళ్లీ పేర్చడం తప్పేది కాదు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు పెంకు ఫ్యాక్టరీ పెట్టాక పద్ధతి మారింది. అక్కడి పెంకుకు అంచుల్లో గాడి, అడుగున చిన్న కొక్కెం ఉంటాయి. గాడిలో గాడి కూర్చుంటుంది, కొక్కెం బద్దెను పట్టుకుంటుంది. కోస్తాలో దీన్ని బంగళా పెంకు అన్నారు. ఏటా కప్పంతా విప్పే పని తప్పింది. పగిలిన ఒక్కదాన్ని మారిస్తే చాలు.

ఆ ఒక్కటీ ఏదో కనిపెట్టడమే అసలు నేర్పు. చుక్క పడినచోటికి సరిగ్గా పైనే చిల్లు ఉండదు. నీరు వాసం వెంట జారి, ఏ ముడి దగ్గరో ఆగి అక్కడ రాలుతుంది. అందుకని వాన పడుతుండగా తడిసిన వాసానికి బొగ్గుతో గుర్తు పెడతారు. మర్నాడు ఎండలో తలుపులు మూసి చీకటి చేస్తే, గుర్తుకు ఎగువన ఎక్కడో సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. చిల్లు అక్కడ. మండువా ఇళ్లలో ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండు వాలులు కలిసే మూల. ఆకూ అలమూ చేరేది అక్కడే. ఆ మూల, మండువాలో నీరు పోయే తూము శుభ్రం చేయకుండా వానాకాలంలోకి అడుగుపెట్టిన ఇల్లు కురవక మానదు.

గోడల పని సంక్రాంతి ముందు. గుల్ల సున్నం నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. చల్లారాక గుడ్డలో వడకట్టి, పట్టు కోసం కాస్త గంజి, తెలుపు కోసం చిటికెడు నీలిమందు కలిపి వెల్ల వేసేవారు. పండగ శోభ ఒక్కటే కాదు దీని ప్రయోజనం. సున్నం ఘాటుకు బూజు పట్టదు, పురుగు చేరదు. దానికి సన్న రంధ్రాలుంటాయి కాబట్టి గోడలోని చెమ్మ బయటికి పోయి గోడ ఆరుతుంది. ఏటి ఒడ్డు ఇంటికి ఇంతకన్నా కావలసిందేముంది? అలాంటి పాత గోడకు సిమెంటు పూత పూయించడం మేలు చేస్తున్నామనుకుని చేసే కీడు. లోపలి చెమ్మకు దారి ఉండదు. ఏడాది తిరిగేసరికి పూత ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది.

1986 ఆగస్టు వరదకు ఈ తీరంలో సాటి వచ్చింది మళ్లీ లేదు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో వచ్చినది దాదాపు 26 లక్షలు. మునిగిన మట్టిగోడ చాలాసార్లు నీళ్లలో ఉండగా కాదు, వరద తీస్తున్నప్పుడు కూలుతుంది. నాని బరువెక్కిన గోడకు అప్పటిదాకా బయటి నీరే దన్నుగా ఉంటుంది కనుక. ఒండ్రు కడగడానికీ ఒక అదను ఉంది. వరద తీశాక తీరిగ్గా చేద్దామనుకుంటే అది ఎండి గట్టిపడి గునపానికి గాని రాదు. మోకాలి లోతు నీరు ఉండగానే చీపుళ్లతో అడుసు కలియబెట్టి, దిగే నీటితోపాటే గుమ్మం బయటికి తోసేయాలి. వెల్ల మాత్రం వెంటనే వేయరు. ముందు గోడ ఆరాలి.

స్లాబు ఇళ్లు వచ్చాక కప్పు ఎక్కే పని తగ్గింది గానీ కారడం తగ్గలేదు. డాబా మీద నీరు పోయే గొట్టంలో ఆకులు ఇరుక్కుంటే నీరు నిలుస్తుంది, సన్న పగుళ్లలోంచి దిగి లోపలి ఊచలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి సిమెంటు పెళ్లలు రాలేదాకా ఇంట్లోవాళ్లకు తెలియదు. పెంకులాగా పాడైన ముక్క తీసి మార్చే వీలూ ఉండదు.

పెంకుటిళ్లు నిలుపుకుంటున్నవాళ్ల ఇబ్బంది ఇంకో రకం. ఒక్కో ఫ్యాక్టరీ పెంకుకు ఒక్కో కొలత. కొత్తది తెస్తే పాత గాడిలో కూర్చోదు, ఆ సందులోంచే నీరు దిగుతుంది. అందుకే ఇల్లు కూల్చేచోట అదే ముద్ర ఉన్న పెంకు కనబడితే నాలుగు ఎక్కువే కొని తెచ్చి అటక మీద పెట్టుకుంటారు.