కాలి కింది సెగ: మోటారు వాహన చరిత్రలో ఒక పార్శ్వం

తెలుగులో 'వేడి', 'సెగ' పర్యాయపదాలుగా కనిపించినా వాడుకలో ఒకటి కావు. వేడి వస్తువులో ఉంటుంది; సెగ ఎడంగా ఉన్నవారిని తాకుతుంది. కారులో డ్రైవరు పాదాలుంచే చోట కలిగే బాధకు రెండో మాటే తగినది. అక్కడ మనిషికీ యంత్రానికీ నడుమ ఉండేది ఒక రేకు గోడ, ఒక రేకు నేల. వాటి అవతల ఇంజను, గేర్‌బాక్సు, పొగగొట్టం ఉంటాయి.

ఈ సెగను మొదట లోపంగా కాక సౌకర్యంగా ఎంచారు. ఐరోపా, అమెరికాల్లో తొలినాటి మోటారు ప్రయాణికులు చలికి పాదాల కింద బొగ్గు కుంపట్లు పెట్టుకొనేవారు. తరువాత పొగగొట్టపు వేడినే లోపలికి మళ్లించారు. వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజనును గాలితో చల్లబరుస్తారు కనుక, పొగగొట్టాల వద్ద కాగిన గాలినే క్యాబిన్‌లోకి పంపారు. నీటితో చల్లబడే ఇంజన్లున్న కార్లలో డాష్‌బోర్డు వెనుక అమర్చిన చిన్న రేడియేటరు గుండా వేడినీరు ప్రవహిస్తుంది. ఆ నీటిని ఆపే వాల్వు సరిగా మూసుకోకపోతే నడివేసవిలోనూ పాదాలకు హీటరు తప్పదు. కాళ్లు కాలుతున్నాయని వచ్చిన కారులో మొదట చూడవలసిన వాటిలో ఇదొకటి.

శీతల దేశపు నమూనా ఉష్ణ దేశానికి వచ్చినప్పుడు ఈ సౌకర్యమే కష్టమైంది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా 1950ల చివర ఉత్తరపాడాలో రూపొందిన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. ముందు ఇంజను, ముందు సీట్ల నడుమ నేల కింద గేర్‌బాక్సు, ఆ వెనుకకు సాగే పొగగొట్టం: ఈ అమరిక ఆ ఆరు దశాబ్దాలూ మారలేదు. 1984లో వచ్చిన మారుతి వ్యానులోనైతే ఇంజను ముందు సీట్ల కిందే ఉంది. స్థలం ఆదా అయింది, సెగ మాత్రం డ్రైవరు వంతయింది.

మరో మలుపు పర్యావరణ చట్టాల వల్ల వచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి అయింది. అది సమర్థంగా పనిచేయాలంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. ఊరి గాలి శుభ్రపడేందుకు ఒక కొలిమిని కారు అడుగున మోయవలసివచ్చిందన్నమాట. అందుకే దానికీ నేలకూ మధ్య పల్చని లోహ కవచం బిగిస్తారు. మెరిసే రేకు సెగను వెనక్కు కొడుతుంది, రేకుకూ నేలకూ నడుమ ఉన్న గాలి మిగిలినదాన్ని అడ్డుకుంటుంది. తుప్పుపట్టి గలగలలాడుతోందని ఆ కవచాన్ని ఊడదీసి పారేస్తే, శబ్దం పోయినా కార్పెట్ కాగుతుంది.

కార్ల యజమానులకు ఏసీ వచ్చింది. లారీ డ్రైవరు మాత్రం చిరకాలం క్యాబిన్ లోపలికి పొడుచుకొచ్చిన ఇంజను మూత పక్కనే కూర్చున్నాడు. 3.5 టన్నులు పైబడిన సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో నిర్దేశించింది. అది 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే వాహనాలకే వర్తిస్తుంది. అంతకుముందు తయారై నేటికీ రోడ్ల మీద తిరుగుతున్న లారీలు ఆ నిబంధన పరిధిలో లేవు.