పాస్‌పోర్టు మీద ముద్ర: గోదావరి ఒడ్డు నుంచి గల్ఫు దాకా

పాస్‌పోర్టుకు మన భాషలో పూర్వం ఒక పేరు ఉండేది: రాదారి చీటి. బ్రౌను నిఘంటువు చూసినవారికి రాదారి అన్నచోట ఈ అర్థమే దొరుకుతుంది. ఇవాళ రహదారి అంటే పెద్ద బాట అని మాత్రమే మనకు స్ఫురిస్తుంది. చీటీ అన్న అర్థం భాషలోంచి జారిపోయింది; చీటీ మాత్రం మనిషి జేబులోంచి జారిపోలేదు. ఒకటి ఉన్నచోట ఇప్పుడు అయిదారు ఉన్నవి.

1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు హైదరాబాదు మీదుగా వచ్చి, గోదావరి దాటి, నిర్మల మార్గాన నాగపూరు వెళ్లారు. వారు మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ. పల్లకీ మీద, పరివారంతో ప్రయాణం. మధ్యలో ఎన్ని దొరతనాల ఎల్లలు దాటినా, నీవు ఎంతవరకు చదివావయ్యా అని ఏ ఠాణాదారూ ఆయనను అడిగి ఉండడు. ఆ ప్రశ్నకు వేరే చరిత్ర ఉన్నది. అది కూలివాని చరిత్ర. మన సాహిత్య చరిత్రల్లో యాత్రా గ్రంథాలకు ఒక అధ్యాయం దొరుకుతుంది కాని, ఈ రెండో ప్రయాణానికి పేజీ దొరకదు. దానిని గురించే ఇక్కడ కొంత రాయదలచాను.

వీరాస్వామయ్యగారు దాటిన ఆ గోదావరికే ఉత్తరపు ఒడ్డున ఖానాపూర్ ఉన్నది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా. 2016 నుంచి నిర్మల్ జిల్లా. చేరువలో నిజాము ప్రభుత్వం 1891-92లో కట్టించిన సదర్మాట్ ఆనకట్ట ఉన్నది. ఆనకట్ట కింద తడి అందిన భూమి కథ ఒకటి, అందని భూమి కథ ఇంకొకటి. అందని రైతు బోరు తరువాత బోరు వేయించి అప్పులపాలయ్యాడు. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి పొయ్యి రాజేశారు. ఇక్కడా, నది ఆవలి జగిత్యాల వైపునా మగవాళ్లు మొదట బొంబాయి, భీవండి పోయేవారు. 1973లో చమురు ధర ఒక్కసారిగా నాలుగింతలు పెరిగి ఎడారి దేశాల్లో కట్టడాలు లేవడం మొదలయ్యాక దారి అటు మళ్లింది. దేశం ఏదైనా ఊళ్లో పేరు ఒక్కటే: దుబాయి. సౌదీకి పోయినవాడూ దుబాయికే పోయాడు.

కళాశాలలో పాఠం చెప్పే మాబోటివాళ్ల దగ్గరికి ఈ ఊళ్లలో సెలవు రోజున మనుషులు వస్తుంటారు, పద్యానికి అర్థం అడగడానికి కాదు. ఒక నడివయసు రైతు మడతలు పడిన కాగితం చేతికిచ్చి, "సారూ, గీ కాయితం జర సదివి చెప్పుండ్రి, పని ఏం రాసిండ్రు, జీతం ఎంత రాసిండ్రు" అన్నాడు. ఒక పక్క అరబ్బీ, ఇంకో పక్క ఇంగ్లీషు. ఏజెంటు చెప్పింది డ్రైవరు పని. వీసాలో ఉన్నది గొర్రెల కాపరి. "అన్నా, ఇది వేరే పని" అంటే, కొంతసేపు పలకలేదు. తరువాత, "పైసలు కట్టిన గదా సారూ" అన్నాడు. ఆ పైసలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి. వీసా అంటే ఒక దేశం ఇచ్చే అనుమతి అని మనం పాఠ్యపుస్తకంలో చదువుకుంటాము. ఇక్కడది అమ్మకపు సరుకు. ఎడారిలోని యజమాని దగ్గర బయలుదేరి, మధ్యన చేతులు మారుతూ, మారిన ప్రతి చేతిలోనూ ధర పెంచుకుంటూ ఊరికి చేరుతుంది.

ఈ ఏర్పాటు నిన్న పుట్టింది కాదు. 1860 నవంబరు 16న మద్రాసునుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరింది. అందులో చెరకు తోటలకు ఒప్పందంపై పోతున్న కూలీలు ఉన్నారు, తెలుగువారు, తమిళులు. అగ్రిమెంటు అన్న మాట కూలివాళ్ల నోట గిర్మిటి అయింది. ఆ కూలీలను సాగనంపే రేవుల్లో ఒక అధికారి ఉండేవాడు. ఆయన హోదా పేరు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్సు, అంటే వలసపోయేవారి రక్షకుడు. కూలివాడు ఇష్టపూర్వకంగానే పోతున్నాడని నిర్ధారించి సంతకం చేయడం ఆయన పని. వేలిముద్ర పడ్డాక ఇష్టాన్ని గురించి ఎవరూ మళ్లీ అడిగేవారు కారు. గడువు తీరినా తిరిగి రాకుండా, మళ్లీ ఒప్పందం కుదుర్చుకోకుండా అక్కడే స్వేచ్ఛగా బతుకుదామనుకున్నవాడిపై 1895లో నేటాలు ప్రభుత్వం ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది.

ఇక 1897నాటి నేటాలు శాసనాన్ని కాస్త నిదానంగా చూడాలి. తమ సొమ్ముతో వచ్చే భారతీయ వర్తకులను ఆపాలని అక్కడి తెల్లవారు కోరారు. జాతి పేరు చెప్పి ఆపడం సామ్రాజ్య ప్రభుత్వానికి ఇబ్బందిగా ఉన్నది. అంచేత చదువు పేరు చెప్పారు: ఏదో ఒక యూరపు భాష లిపిలో తన దరఖాస్తు తానే రాసుకోలేనివాడు దిగడానికి వీలులేదు. బహు మర్యాదగా ఉన్నది. అయితే ప్రభుత్వం ఆమోదించిన పథకం కింద దిగుమతి అయ్యే ఒప్పందపు కూలీలకు ఈ శాసనం వర్తించదు! నిరక్షరాస్యుడు స్వతంత్రుడై వస్తే తలుపు మూసుకుంటుంది, బద్ధుడై వస్తే తెరుచుకుంటుంది. భారత ప్రభుత్వం 1911లో నేటాలుకు ఒప్పందపు కూలీలను పంపడం ఆపేదాకా ఈ రెండు తలుపులూ పక్కపక్కనే పనిచేశాయి. అదే 1897లో వలస రాజ్యాల ప్రధానుల సమావేశంలో చేంబర్లేను ఈ పద్ధతిని ఇతరులకు ఆదర్శంగా చూపించాడు. 1901లో ఆస్ట్రేలియా దానినే 50 మాటల డిక్టేషను పరీక్షగా మార్చుకున్నది. ఎల్లలంటే దేశరక్షణ కోసమే అని నమ్మే మన విద్యార్థులు ఈ రెండు తలుపుల సంగతి గుర్తుపెట్టుకుంటే, తరువాతి కథ తేలికగా అర్థమవుతుంది. 1908 ఆగస్టులో జోహాన్స్‌బర్గు మసీదు ఆవరణలో గాంధీ నాయకత్వాన భారతీయులు కుప్పపోసి తగలబెట్టినవి కూడా ఇటువంటి కాగితాలే.

మొదటి ప్రపంచయుద్ధం దాకా మన దేశంనుంచి ఓడ ఎక్కడానికి సామాన్యంగా పాస్‌పోర్టు అక్కరలేదు. 1914లో కోమగతమారు ఓడలో వాంకూవరు చేరిన 376 మందిలో అత్యధికులను రెండు నెలలు నీళ్లమీదనే నిలబెట్టి కెనడా తిప్పి పంపింది. ఎక్కినచోటునుంచి ఎక్కడా ఆగకుండా రాలేదన్నది సాకు. 1917లో యుద్ధపు నిబంధనగా పాస్‌పోర్టు వచ్చింది; యుద్ధం ముగిసినా పోలేదు, 1920లో చట్టమైంది. ఆ మీదట 1922నాటి ఎమిగ్రేషన్ చట్టం నైపుణ్యం లేని కూలీలు ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు తప్ప పోరాదన్నది. గిర్మిటి దుర్మార్గాలకు వ్యతిరేకంగా జాతీయోద్యమం సాధించిన చట్టం గనుక దీనిని కేవలం ఆంక్ష అని తోసిపుచ్చలేము. కాని దానిలో రక్షకుడి కుర్చీ అలాగే ఉండిపోయింది.

స్వతంత్ర భారతంలో పైతరగతి ప్రయాణికుని హక్కు కోర్టులో గెలిచింది. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నది. అదే ఏడు పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసు ఆ హక్కును ఇంకా విశాలం చేసింది. తరువాత అయిదేళ్లకు, 1983లో, కూలివాని కోసం విడిగా ఎమిగ్రేషన్ చట్టం చేశారు. అందులో రక్షకుడు మళ్లీ ప్రత్యక్షం. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్సు కార్యాలయం హైదరాబాదులోనూ వెలిసింది. 18 దేశాలకు పనికి పోయే ఒక తరగతి పౌరులు ఆయన అనుమతి తీసుకోవాలి. ఏ తరగతి? పదో తరగతి ప్యాసు కానివారు. ఆదాయపు పన్ను కట్టేవారికి అక్కరలేదు. యాభై ఏళ్లు దాటినవారికీ, మూడేళ్లు విదేశంలో గడిపినవారికీ అక్కరలేదు. ఇంటిపనికి పోయే ఆడవాళ్లయితే ముప్పయి ఏళ్లు నిండాలి.

2007కు ముందు తనిఖీ అక్కరలేదన్న ముద్ర అక్కరలేనివారి పాస్‌పోర్టులో వేసేవారు. ఆ ఏడాది జనవరినుంచి పద్ధతి తలకిందులైంది. చదువుకున్నవాడి పుస్తకం ఖాళీగా ఉంటుంది. తనిఖీ కావాలన్న ముద్ర చదువులేనివాడి పుస్తకంలో పడుతుంది. గుమస్తాకు సౌకర్యం కోసమే చేసి ఉండవచ్చు. మోసేవాడికి మాత్రం ఆ గుర్తు తన ఒంటిమీద ఉన్నట్టే. 2018 జనవరిలో ఇంకో అడుగు వేసి, ఇటువంటివారి పాస్‌పోర్టుకు నారింజరంగు అట్ట వేస్తామని విదేశాంగశాఖ ప్రకటించింది. నిరసన రేగి, నెల తిరగకుండానే ఉపసంహరించుకున్నది. మా సదర్మాట్‌కు అంతర్జాతీయ వారసత్వ కట్టడమనే గుర్తింపు వచ్చింది ఆ ఏడాదే.

ఇది ఇవతలి ద్వారం. అవతలి ద్వారంలో కఫీలు ఉన్నాడు. అతని పూచీ లేనిదే వీసా లేదు. అతని దగ్గర మానితే అకామా పోతుంది, అంటే నివాసపు అనుమతే పోతుంది. కొట్టినా, జీతం ఎగ్గొట్టినా బయటపడి ఇంకోచోట పనిచేస్తే చట్టవిరుద్ధుడు. మనవాళ్లు దానికి ఖల్లివెల్లి అని పేరు పెట్టుకున్నారు. ఈ పూచీ పద్ధతి ఎడారి తెగల ప్రాచీనాచారమని చెప్పడం పరిపాటి. బ్రిటిషు అధికారుల కనుసన్నల్లో మెలిగిన బహ్రెయిన్‌లో 1920లలో ముత్యాల వేటకు వచ్చే పరదేశి కూలీలను అదుపు చేయడానికి దీనికి శాసనరూపం కల్పించారని చరిత్రకారులు చూపించారు. ఆ కాలంలో గల్ఫు వ్యవహారాలు భారత ప్రభుత్వం చేతిమీదుగా నడిచేవి. 1966 దాకా అక్కడ కొన్ని రాజ్యాల్లో చెల్లినది రూపాయే. అంతకు ముందు హద్రమౌతునుంచి అరబ్బులు నిజాము కొలువుకు బతకను వచ్చి హైదరాబాదు బార్కసులో స్థిరపడ్డారు. కూలి ఎటు ప్రవహించాలో నిర్ణయించేది నాగరికతలు కావని ఈ ఒక్క ఉదాహరణ చాలు. కతరు 2018, 2020లలోనూ, సౌదీ 2021లోనూ ఈ పద్ధతిని కొంత సడలించాయి. ఎమిరేట్లు 2007, 2018, 2024లలో క్షమాభిక్షలు ప్రకటించాయి. క్షమాభిక్ష అనే మాట చూడండి! జీతం రానివాడు క్షమాపణ పొందాలి.

ముద్ర తీసేయండి, ఎవడి స్వేచ్ఛ వాడిది అనే ఉదారవాదులు మనలోనూ ఉన్నారు. నేను వారితో ఏకీభవించలేను. అనుమతికి దరఖాస్తు పెట్టినప్పుడు ఒప్పంద పత్రం, బీమా, జీతం కనీసం ఒకచోట నమోదవుతాయి. విజిటు వీసా మీద పోయినవాడికి ఆ మాత్రం ఆధారమూ ఉండదు. చచ్చిపోతే శవం రావడానికి నెలలు పడుతుంది. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలకు మించరాదని 2017 నిబంధన. ఆ అంకె చెబితే మా ఊళ్లలో నవ్వుతారు. తప్పు తనిఖీ ఉండడంలో లేదు. తనిఖీ ఏజెంటును, కఫీలును వదిలి కూలివాని పుస్తకం దగ్గర ఆగడంలో ఉన్నది. విమానాశ్రయంలో ఆగిపోయేవాడు ఎప్పుడూ పుస్తకం మోసేవాడే. వీసా అమ్మినవాడు అప్పటికి ఇంకో ఊళ్లో ఉంటాడు.

రక్షకుడి పక్షపాతం దాచుకోలేనంతగా బయటపడ్డ ఘట్టం 2020 సెప్టెంబరు. గల్ఫులో మన కూలీలకు ఇవ్వవలసిన కనీస వేతనాల పట్టికను కేంద్ర ప్రభుత్వమే 30నుంచి 50 శాతం దాకా తగ్గించింది. పనులు ఇతర దేశస్థులకు పోకుండా కాపాడడానికి అన్నారు. తెలంగాణ గల్ఫు కార్మికుల తరఫున హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జులైలో పాత పట్టికను పునరుద్ధరించారు. కూలీలు సంఘటితంగా అడిగినచోట కాగితం మారుతుందనడానికి ఇది సమీప దృష్టాంతం. 2021లో కొత్త ఎమిగ్రేషన్ బిల్లు ముసాయిదా వచ్చినప్పుడు అటువంటి సంఘాలు, ఉపాధ్యాయులు కూర్చుని దానిని తెలుగులో చదవవలసింది. మనం ఎందరం చదివాము?

మొన్న ఓపెన్ స్కూలు పరీక్షలకు ముందు, పిల్లల తండ్రి ఒకతను తెలుగు వాచకం చంకన పెట్టుకుని వచ్చాడు. ముప్పయి ఆరేళ్లు. రెండుసార్లు పోయి వచ్చాడు గాని, రెండూ కలిపినా మూడేళ్లు నిండలేదు. ముద్ర పోవాలంటే పదో తరగతి కావాలని ఎవరో చెప్పారట. ఛందస్సు అడుగుతారా అని అడిగాడు. అడుగుతారు, గణాలు నేర్చుకుంటే చాలునన్నాను. అరుగుమీద కూర్చుని, వేళ్లమీద లెక్కపెడుతూ, గురువు, లఘువు గుర్తులు పెట్టడం మొదలుపెట్టాడు.