వస్తువుల్లో కులం – 7: కూర్చునే ఎత్తు



ఈ వారం ఇంటి సామాను గురించి మాట్లాడుకుందాం. ఉద్యమాల మధ్య ఈ సోఫాల గోలేంటని కొందరికి అనిపించొచ్చు. కానీ కులం పుస్తకాల్లోనూ గుడి మెట్ల మీదా మాత్రమే బతకలేదు. ఎవరు ఎంత ఎత్తులో కూర్చోవాలో కూడా అదే తేల్చింది.

2018 ఆగస్టు 9న ఐకియా కంపెనీ దేశంలో తన మొదటి స్టోర్‌ను హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరిచింది. జనం విరగబడ్డారు. ఇంటిని ఎలా సర్దుకోవాలన్నది ఇప్పుడు మధ్యతరగతి రోజువారీ ముచ్చట. ఇంటీరియర్ వాళ్ల వీడియోలు చూడండి. నేలకు ఆనినట్టుండే దివాన్లు, నేల మీదే పరుపులు, దిండ్లు, జనపనార రగ్గులు, వెదురు బుట్టలు, కేన్ కుర్చీలు, మట్టి కుండలు, హాల్లో ఓ మూల నులక మంచం. వీటికి పెట్టిన పేర్లు ‘రస్టిక్’, ‘ఎర్తీ’, ‘మినిమల్’. నేల మీద కూర్చోవడం ఆరోగ్యమట, మన సంస్కృతట.

ఎవరి సంస్కృతి? నేల మీద కూర్చోవడం వేరు, నేల మీదే కూర్చోమనడం వేరు. ఆ రెంటి మధ్య తేడాయే ఈ వ్యాసం.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 281వ శ్లోకం చూడండి. తక్కువ కులంవాడు పై కులంవాడితో సమానంగా ఒకే ఆసనం మీద కూర్చోవాలని చూస్తే నడుము మీద వాత పెట్టి దేశం నుంచి వెళ్లగొట్టాలి, లేదా పిర్రను కోయించాలి. శిక్ష ఎక్కడ వేయమన్నాడో గమనించారా? కూర్చునే అవయవానికే. 1927 డిసెంబరు 25న మహద్‌లో ఆ పుస్తకం కాలినప్పుడు ఈ శ్లోకమూ కాలింది. ఊళ్లలో మాత్రం దాని అమలు ఆగలేదు.

ఇప్పుడు భాష దగ్గరికి రండి. నేను తెలుగు చెప్పేవాణ్ని కాబట్టి మాటల్ని పట్టుకుని వెతకడం అలవాటు. పీట అనే మాట సంస్కృత పీఠం నుంచి వచ్చింది. మంచమూ సంస్కృతమే. కుర్చీ అరబ్బీ మాట, పారశీకం మీదుగా మనకు చేరింది. సోఫా మూలమూ అరబ్బీయే. అల్మారా పోర్చుగీసు వాళ్లది, బెంచి ఇంగ్లీషు వాళ్లది. పీట, పీఠం పక్కన ఎవరు కూర్చోవచ్చో చెప్పే శాస్త్రం ముందే ఉంది. కచేరీలు, బళ్లు, రైలు స్టేషన్లతో పాటు ఊళ్లోకి దిగిన కుర్చీకీ బెంచికీ ఆ శాస్త్రంలో చోటు లేదు. అందుకే గొడవంతా వాటి చుట్టూ జరిగింది.

అలాగని తెల్లదొర మనకు కుర్చీ వేశాడని అనుకోవద్దు. ఉత్తరాదిలో దొరల ముందు కుర్చీలో కూర్చునే అర్హతకు ‘కుర్సీ నషీన్’ అని పేరు పెట్టి, స్థానిక పెద్దమనుషులకు సర్టిఫికెట్లు ఇచ్చారు. కుర్చీని వాళ్లూ హోదాగానే పంచారు.

ఇక మంచం. తెలుగులో మంచానికి ఎన్ని మెట్లున్నాయో చూడండి. పందిరి మంచం, పట్టె మంచం, నవారు మంచం, నులక మంచం, అన్నింటికంటే కింద కుక్కి మంచం. పేరు వింటేనే ఆ ఇల్లు ఊళ్లో ఉందో వాడలో ఉందో చాలాసార్లు తెలిసిపోయేది. ఆ కుక్కి మంచం మీదైనా నిశ్చింతగా కూర్చోనిచ్చారా? దొర వస్తుంటే దిగి నిలబడాలి. దిగకపోతే పొగరు. తెలంగాణ పల్లెల్లో సంఘం కాలం గురించి ముసలివాళ్లు చెప్పే మాటల్లో భూమి, వెట్టి ఎంత వినిపిస్తాయో, దొర ముందు మంచం దిగకపోవడమూ అంతే వినిపిస్తుంది. అది వాళ్లకు చిన్న విషయం కాదు.

ఈ రోజు షోరూముల్లో ‘జూట్ రగ్’ అంటున్నది గోనె సంచికి చుట్టమే. రెండూ జనపనారతో నేసినవే. సాతారా బడిలో చదివే పిల్లవాడు అంబేద్కర్ తరగతిలో ఓ మూల విడిగా కూర్చోవడానికి గోనెపట్టా వాడేవాడు. సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకుపోవాలి, పొద్దున మళ్లీ తెచ్చుకోవాలి. ఎందుకంటే బడి ఊడ్చే మనిషి దాన్ని ముట్టుకోడు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే రాసుకున్నాడు. గోనెలో అంటు లేదు. ఆ పిల్లవాడు కూర్చున్నాడు కాబట్టి అంటు పుట్టింది. అదే నార ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీ హాల్లోకి వస్తే పర్యావరణ హితం అవుతోంది. నార మారలేదు, దాని మీద కూర్చునే మనిషి మారాడు.

సినిమా హాలుకు వెళ్దాం. పాత హాళ్లలో టికెట్ల పేర్లే నేల, బెంచి, కుర్చీ. అక్కడ ఎత్తును కులం కాదు, డబ్బు నిర్ణయించింది. డబ్బు తెచ్చిన అసమానతను తక్కువ చేయను. కానీ చేతిలో నాలుగు రూపాయలున్న దళిత కుర్రాడు కుర్చీ కొనుక్కోగలిగిన చోటు అది. దాన్ని కులం ఎంత సహించిందో చుండూరు చెప్పింది. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఆధిపత్య కులం వాడికి తగలడంతో మొదలైన గొడవ, దళితుల బహిష్కరణ దాకా వెళ్లి, ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపడం దాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

అదంతా పాత కథ అనేవాళ్లకు రెండు కొత్త తేదీలు. 2019 ఏప్రిల్‌లో ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ జిల్లాలో, పెళ్లి విందులో కుర్చీలో కూర్చుని అన్నం తిన్నందుకు ఒక దళిత యువకుణ్ని కొట్టారు. కొద్ది రోజులకే చనిపోయాడు. 2020 అక్టోబరులో తమిళనాడు కడలూరు జిల్లా నుంచి ఒక ఫొటో బయటికొచ్చింది. పంచాయతీ సమావేశంలో మిగిలినవాళ్లు కుర్చీల్లో ఉన్నారు. ఎన్నికైన దళిత మహిళా అధ్యక్షురాలు నేల మీద ఉంది. 73వ రాజ్యాంగ సవరణ ఆమెకు పదవినిచ్చింది. కుర్చీ మాత్రం వాళ్లు ఇవ్వలేదు.

పత్రికలు ప్రతి బడ్జెట్‌కూ “దళితుల సంక్షేమానికి పెద్దపీట” అని రాస్తాయి. పీట మనకు ఎవరో వేయాలన్న ఊహ ఆ మాటలోనే ఉంది.

మరి మనల్ని నేల మీంచి లేపిన వస్తువు ఏది? నా లెక్కలో ప్లాస్టిక్ కుర్చీ. 1972లో ఫ్రాన్స్‌లో ఆంరీ మసోనే ఒకే అచ్చులో పోసే కుర్చీని తయారు చేశాక, ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన వాడల్లోకీ చవగ్గా చేరింది. పెళ్లికీ, చావుకీ, ఏప్రిల్ 14 సభకీ ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు ఆటోలో దిగుతాయి. సర్పంచ్‌కైనా పాకీ పని చేసే అమ్మకైనా ఒకే ఎత్తు. డెకర్ గురువులకు అది అంద వికారం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరమైతే ఊరి అందం చెడుతుందని 2008 నుంచి 2017 దాకా బహిరంగ స్థలాల్లో దాన్ని నిషేధించింది. నేల తప్ప వేరే ఆసనం ఎరగని ఇంట్లోకి మొదటిసారి వచ్చిన కుర్చీకి అందం లెక్కలు కట్టడం కడుపు నిండినవాళ్ల పని.

నులక మంచం కొనొద్దని నేను చెప్పడం లేదు. నడుముకు మంచిదే, ఎండాకాలం హాయి కూడా. వెదురు బుట్ట కొంటే మేదరి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, కాకపోతే షోరూములో కాకుండా వాళ్ల దగ్గరే కొనండి. నేను అడిగేదల్లా ఒక్కటే. దాన్ని ‘మన సంస్కృతి’ అని పొగిడేటప్పుడు, దాని మీంచి దింపబడ్డవాళ్లనూ ఆ సంస్కృతిలో కలిపి చెప్పాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సాలార్‌జంగ్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్‌వని చెప్పే దంతపు కుర్చీలు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. మన అవ్వాతాతల మొదటి కుర్చీ కథ ఎక్కడా భద్రంగా లేదు. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు వాళ్లను కూర్చోబెట్టి అడగండి. మనింటికి మొదటి కుర్చీ ఎప్పుడొచ్చింది? ఎవరు కొన్నారు? దాని మీద కూర్చుంటే ఊళ్లో ఎవరు ఏమన్నారు? ఎవరి ముందు లేచి నిలబడ్డారు, ఎవరి ముందు నిలబడటం మానేశారు? ఫోన్లో రికార్డు చేయండి, వాళ్ల మాటల్లోనే రాయండి. మన చరిత్రకు ఆధారాలు లేవనేవాళ్ల ముందు వాటిని పెడదాం.

వచ్చే వారం: చెప్పులు.

జై భీమ్.