నడిచే గల్లీలోనే ఇరుగుపొరుగు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

కిరాణా దుకాణం, బడి, మసీదు, బస్టాండ్ నడిచి పోయేంత దగ్గర ఉండి, దారిలో భయం లేకుంటే జనం రోజూ ఎదురుపడతారు. సలాం, నమస్తే, ‘బాగున్నరా’ అక్కడే మొదలవుతాయి. మొహల్లా ఎట్లా కట్టారన్నదాన్ని బట్టే మనుషుల మధ్య పరిచయం పెరుగుతుంది, తగ్గుతుంది.

జగిత్యాల: టవర్ సర్కిల్ చుట్టుపక్కల పాత బజారులో ఇళ్లు, దుకాణాలు కలిసే ఉంటాయి. ఒక్క పని మీద పోయినవాళ్లు నలుగురిని పలకరించి వస్తారు.

కోరుట్ల: బీడీ కార్మికుల్లో ఎక్కువమంది మహిళలే. ఆకు, తంబాకు తెచ్చుకోవడానికి, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతారు. చాటలు ఒళ్లో పెట్టుకుని ఇంటి ముందు కూర్చున్నప్పుడు చిట్టీలు, పెళ్లి సంబంధాలు, గల్ఫ్ కబుర్లు అన్నీ నడుస్తాయి.

సిరిసిల్ల: బీవై నగర్ లాంటి చోట్ల ఇళ్ల మధ్యనే సాంచాలు నడుస్తాయి. షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు చాయ్ హోటల్ దగ్గర కలుస్తారు.

వాహనాలు పెరిగితే ఏమవుతుంది?

డొనాల్డ్ యాపిల్‌యార్డ్ 1969లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులను పరిశీలించారు. రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు. 16,000 వాహనాల వీధిలో ఒక్కరు కూడా సరిగ్గా లేరు.

జగిత్యాల, కోరుట్ల మీదుగా 63వ నంబర్ జాతీయ రహదారి పోతుంది. లారీల మధ్య రోడ్డు దాటలేక ముందు ఆగిపోయేది ముసలివాళ్లు, పిల్లలు, బండి లేని మహిళలు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో కష్టం ఇంకా ఎక్కువ. బండి ఇంట్లో ఉన్నా నడిపేవాళ్లు ఉండరు.

హక్కులు, నిబంధనలు

• ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు 6 అడుగుల వెడల్పు ఉండాలి.

• ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణ కింద హక్కు అని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది.

• తోపుడు బండ్లవాళ్ల బతుకుదెరువుకు 2014 వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఇస్తుంది. వాళ్లకు జాగా, నడిచేవాళ్లకు దారి రెండూ చూపాలి.

• తెలంగాణ మున్సిపల్ చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో 4 కమిటీలు ఉండాలి. మోరీపై పగిలిన బండ, వెలగని వీధిదీపం, బడి ముందు స్పీడ్ బ్రేకర్ గురించి అక్కడ అడగవచ్చు.

కొత్త కాలనీలో ప్లాటు కొనేవాళ్లు రేటు, రోడ్డు వెడల్పు చూస్తారు. ఇంట్లో అమ్మ ఒక్కతే దుకాణానికి నడిచిపోయి రాగలదా అన్నది కూడా చూసుకోవాలి.