బైబిలు స్త్రీ నుండి బిషప్పు వరకు

గోదావరి, మానేరు నదుల పరిసరములందలి పల్లెలలో క్రైస్తవ సంఘము ఎట్లు వేరూనినదని విచారించునపుడు మనము సామాన్యముగా పాదిరుల పేర్లను, వారు కట్టించిన దేవాలయములను స్మరింతుము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును, దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరను ఎరుగనివారు ఈ ప్రాంతమున అరుదు. కాని పగలంతయు పొలములో కలుపు తీసి యిల్లు చేరిన స్త్రీలను దీపము ముందు కూర్చుండబెట్టి ప్రార్థన నేర్పినదెవరు? ఈ ప్రశ్నకు ఆనాటి మిషను నివేదికలు తరచుగా ‘బైబిలు స్త్రీ’ యని మాత్రమే బదులు చెప్పును. ఆమె పేరు చాలచోట్ల కానరాదు.

వెస్లియన్ మెథడిస్టు మిషను 1879 ప్రాంతమున నిజాము రాజ్యములో పని ప్రారంభించి, పిమ్మట కరీంనగరమునకును, గోదావరి తీరమందలి లక్సెట్టిపేటకును వ్యాపించెను. సంఘములో చేరినవారిలో అధికసంఖ్యాకులు మాల మాదిగ కుటుంబములవారు; కూలిపనిచే జీవించువారు, అక్షరజ్ఞానము లేనివారు. బాప్తిస్మము పొందగోరువారు ప్రభువు నేర్పిన ప్రార్థనను, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణమును కంఠస్థము చేయవలసియుండెను. పురుష బోధకుడు పరాయి స్త్రీలతో కూర్చుండి మాటాడుట ఆనాటి మర్యాద కాదు. కావున ఇల్లాండ్రకు చెప్పుట, పురిటింటికి పోవుట, రోగిని పరామర్శించుట, కలహించిన తోడికోడండ్రను కలుపుట స్త్రీల వంతయ్యెను. పేరు లేకున్నను ఇది కాపరి పనియే గదా!

పొరుగుననే యున్న దోర్నకల్‌లో ఈ సంగతి ముందుగా గ్రహింపబడెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఉపదేశకుల భార్యలకును శిక్షణ అవసరమని తలచెను. ఆయన ధర్మపత్ని అన్బు మరియమ్మాళ్ స్త్రీలకు బోధించు భారమును వహించెను. అట్లు పల్లెకు ఉపదేశకు డొక్కడేగాక దంపతులిద్దరును పోయిరి. జీతము మాత్రము సాధారణముగా భర్త పేరనే యుండెను.

ఇచట నొక చిక్కు కలదు. బాప్తిస్మమునకు స్త్రీలను సిద్ధపరచినది ఆమె. బాప్తిస్మ మిచ్చునది మాత్రము పురుషుడైన గురువు. ప్రభురాత్రి భోజనమునకు రొట్టె విరుచు హక్కు ఆమెకు లేదు. సంఘమున స్త్రీ మౌనముగా నుండవలెనను పౌలు వాక్యమును కొందరు చూపిరి. ఆ పౌలే కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను రోమా సంఘమునకు గౌరవముతో పరిచయము చేసెనని మరికొందరు జ్ఞాపకము చేసిరి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయము లొకటయ్యెను. వీనిలో కాంగ్రిగేషనల్ వారు ఇంగ్లండులో 1917లోనే ఒక స్త్రీకి గురుపట్ట మిచ్చియుండిరి, ఆంగ్లికనులు అంగీకరింపలేదు. ఏకసంఘమున ఈ ప్రశ్న మూడు దశాబ్దములు నిలిచిపోయెను. తుదకు 1976లో ఎలిజబెత్ పాల్ ఈ సంఘమున గురుపట్టము పొందిన తొలి స్త్రీ యయ్యెను. 1978లో కరీంనగరము ప్రత్యేక అధ్యక్ష మండలమయ్యెను. 2013 సెప్టెంబరు 30న నంద్యాలలో, కర్నూలు జిల్లా ఆడపడుచు ఎగ్గోని పుష్పలలిత ఈ సంఘమునకు తొలి మహిళా బిషప్పుగా అభిషిక్తురాలయ్యెను. ఇంగ్లండు సంఘమున తొలి మహిళా బిషప్పు అభిషేకము 2015లో గాని జరుగలేదు. మిషనరీలను పంపిన దేశముకంటె రాయలసీమయే ముందడుగు వేసినదన్నమాట!

అయినను అందరి తీర్పు నొకటి కాదు. 1999లో ఆదిలాబాదున ఏర్పడిన సిరో మలబారు కతోలిక మేత్రాసనములో కన్యాస్త్రీలు బోధనలోను వైద్యసేవలోను పాటుపడుచున్నారు. కాని కతోలిక సంఘము స్త్రీలకు గురుపట్ట మీయదు. పిలుపు ఒకటే, దానికిచ్చు స్థానము వేరు వేరు.

పట్టము దొరకుట యొకటి. పల్లెవారు మనసార తమ గురువుగా చేకొనుట మరియొకటి. నియమమును సభ తీర్మానముతో మార్చవచ్చును. అలవాటును మార్చునది మాత్రము ఇంటింటికి నడచిన సేవయే. ఆ నడకను నేర్పినది పేరు తెలియని ఆ బైబిలు స్త్రీ. నేడు బలిపీఠము చెంత నిలిచిన సోదరిని చూచునపుడు, ఆమె వెనుక దీపము పట్టుకొని నిలిచిన ఆ అవ్వను కూడ మనము తలచుకొనుట ధర్మము.